మా అమ్మాయికి తెలియకుండా కౌన్సెలర్‌ను కలవవచ్చా?

మా అమ్మాయి పదకొండో తరగతి. కొంతకాలంగా రాత్రిళ్లు సరిగా నిద్రపోవడం లేదు. ఫోను మోగితే చాలు, గబుక్కున బోర్లించి పెడుతోంది. అడిగితే "ఏమీ లేదమ్మా" అంటుంది.

బడిలో కౌన్సెలర్ ఉన్నారు. పిల్లల బాధలు వినేదీ, కాలేజీ దరఖాస్తులకు సిఫారసు లేఖ రాసేదీ ఆవిడే. చెప్పుకున్నదంతా ఆ లేఖలోకి ఎక్కుతుందేమోనని మా అమ్మాయి భయం. విద్యార్థికో ఇతరులకో హాని జరిగే ప్రమాదం ఉంటే తప్ప కౌన్సెలర్లు సాధారణంగా విన్న మాట బయటపెట్టరని చెప్పి చూశాను, నమ్మడం లేదు. అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ ఒక్కో కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులు మించకూడదని సూచిస్తుంది. ఈవిడకు అంతకంటే చాలా ఎక్కువమంది, తనంతట తాను గమనిస్తారన్న ఆశ లేదు.

నేనే వెళ్లి మాట్లాడితే అమ్మాయికి నామీద నమ్మకం పోతుందా? ముందు తనకు చెప్పి వెళ్లాలా? కౌన్సెలర్లుగా పనిచేసినవారు దయచేసి చెప్పండి.