జప్తు నిధిలో మొత్తం కనిపిస్తోంది, దాని వెనక కేసులు కనిపించడం లేదు: ఎవరిని, ఏమని అడగాలి?

ప్రశ్న: మున్నేటి ఒడ్డు (ఉత్తర టెక్సాస్)

అందరికీ నమస్కారం. నేను పద్దెనిమిదేళ్లుగా డాలస్‌కు ఉత్తరాన ఒక కౌంటీలో ఉంటున్నాను. ఆస్తి పన్ను రేటు సంగతి విందామని కిందటి నెల కౌంటీ బడ్జెట్ సమావేశానికి వెళ్లాను. అక్కడ పంచిన కాగితాల్లో జప్తు నిధి, అంటే పోలీసులు జనం దగ్గర తీసుకున్న సొమ్ము చేరే ఖాతా, అనే పద్దు కనిపించింది. ఆ ఏడాది జమ అయినది ఒక అంకె, ఖర్చయినది మరొక అంకె, అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఆ సొమ్ము ఎంతమంది దగ్గర తీసుకున్నారు, వారిలో ఎంతమంది మీద అభియోగం నమోదైంది, ఎంత తిరిగి ఇచ్చారు అని మైకు దగ్గరికి వెళ్లి అడిగాను. ఆ వివరాలు తమ దగ్గర ఆ రూపంలో ఉండవనీ, రాష్ట్రం కూడా మొత్తాలనే అడుగుతుందనీ మర్యాదగానే చెప్పారు.

నేను పట్టుబట్టి అడగడానికి కారణం ఉంది. మూడేళ్ల క్రితం మా బావమరిది పాత ట్రక్కు ఒకటి కొందామని 14,600 డాలర్ల నగదుతో ఒక్లహోమా వైపు వెళ్తుంటే హైవే మీద ఆపారు. సిగ్నల్ వేయకుండా లేన్ మారాడన్నది కారణం. నగదు ఉందని అతనే చెప్పాడు. కుక్కను తెప్పించి కారు చుట్టూ తిప్పారు, అది మత్తుమందు వాసన పట్టిందన్నారు, డబ్బున్న కవరు తీసుకుని రశీదు చేతిలో పెట్టారు. ఆ రశీదు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మొత్తం రాయవలసిన గడిలో ‘అమెరికన్ కరెన్సీ, మొత్తం నిర్ధారించలేదు’ అని ఉంది. బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్పు అదే కవరులో ఉన్నా ఆ అంకె రాయలేదు. అతని మీద ఏ అభియోగమూ పెట్టలేదు. ట్రాఫిక్ జరిమానా కూడా వేయలేదు, హెచ్చరికతో సరిపెట్టారు. లాయరు ఫీజు లెక్క చూసుకుని చివరికి సగం తిరిగి తీసుకుని రాజీపడ్డాడు. మిగిలిన 7,300 డాలర్లు ఆ ఏడాది మొత్తంలో ఎక్కడో కలిసిపోయి ఉండాలి.

ఇలాంటి కేసులను ఒక్కొక్కటిగా చూడగలిగే దారి సామాన్య పౌరుడికి ఏదైనా ఉందా? ఏ రాష్ట్రంలోనైనా ఈ లెక్క సరిగ్గా బయటపెడుతున్నారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: దస్త్రం (హ్యూస్టన్)

మున్నేటి ఒడ్డు గారూ, నేను న్యాయవాదిని కాను. ఒక న్యాయవాద కార్యాలయంలో పారాలీగల్‌గా ఇలాంటి దస్త్రాలు చూస్తుంటాను, ఆ అనుభవంతో రాస్తున్నాను. మీ బావమరిది గారి రశీదులో ఉన్న వాక్యం నాకు కొత్త కాదు, కానీ ప్రతిసారీ బాధే కలుగుతుంది. మొత్తం రాయని రశీదు ఉంటే తర్వాత ఎంత తగ్గినా యజమాని దగ్గర రుజువు ఉండదు. లెక్క తప్పడం బడ్జెట్ కాగితంలో కాదు, ఆ రోడ్డు పక్కనే మొదలవుతుంది.

స్వాధీనం వేరు, జప్తు వేరు. పోలీసు డబ్బు తీసుకోవడం స్వాధీనం. దాని మీద మీకు ఇక హక్కు లేదని చట్టప్రకారం తేలడం జప్తు. సివిల్ జప్తులో కేసు మనిషి మీద కాకుండా వస్తువు మీద నడుస్తుంది. 2006లో ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పిన కేసు పేరే ‘అమెరికా వర్సెస్ 1,24,700 డాలర్ల కరెన్సీ’. అందువల్ల మనిషి మీద అభియోగం లేకపోయినా కేసు ఆగదు, నేరాన్ని సందేహానికి తావులేకుండా నిరూపించనక్కరలేదు, సాక్ష్యం కొంచెం ఎక్కువ ఎటు మొగ్గితే అటే తీర్పు వస్తుంది.

టెక్సాస్‌లో దీనికి ఆధారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 59వ అధ్యాయం. స్వాధీనం చేసుకున్న 30 రోజుల్లోగా ప్రాసిక్యూటర్ కోర్టులో కేసు వేయాలి. యజమాని గడువులోగా జవాబు దాఖలు చేయకపోతే ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే అతని వాదన లేకుండానే ఇచ్చే తీర్పు, వస్తుంది. వచ్చిన సొమ్మును ప్రాసిక్యూటర్ కార్యాలయమూ పోలీసు విభాగమూ తమ మధ్య రాసుకున్న స్థానిక ఒప్పందం ప్రకారం పంచుకుంటాయి. ఆ విభాగాలు ఏటా రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఆడిట్ ఫారం పంపుతాయి. అందులో నగదు, వాహనాలు, ఖర్చు పద్దులు మొత్తాలుగా ఉంటాయి గాని ఒక్కో కేసు కథ ఉండదు. అందుకే టెక్సాస్ ట్రిబ్యూన్ విలేకరులు 2016 నాటి కేసుల తీరు తెలుసుకోవడానికి హ్యారిస్, వెబ్, స్మిత్, రీవ్స్ కౌంటీలకు చెందిన 560 కేసుల దస్త్రాలు తెరిచి చూడవలసి వచ్చింది.

మీరూ ఆ దారే పట్టవచ్చు. కోర్టు దస్త్రాలు ఉంచే జిల్లా క్లర్క్ వెబ్‌సైటులో మనిషి పేరుతో కాకుండా ‘కరెన్సీ’ అనే మాటతో వెతకండి. తర్వాత పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ చట్టం ఉన్న పత్రాలను ఇమ్మంటుంది గాని కొత్తగా పట్టిక తయారుచేసి ఇమ్మనదు కాబట్టి ‘ఎంతమంది’ అని ప్రశ్న వేయకుండా స్వాధీన రశీదుల నకళ్లు, ప్రాపర్టీ గది (స్వాధీనం చేసుకున్నవి పోలీసులు ఉంచే చోటు) రిజిస్టరు, స్థానిక ఒప్పందం, జప్తు ఖాతా ఖర్చు పుస్తకం అని పత్రాల పేర్లు రాసి అడగండి. ఏదైనా ఇవ్వదలచుకోకపోతే వారు 10 పనిదినాల్లోగా అటార్నీ జనరల్ నిర్ణయం కోరవలసి ఉంటుంది.

ఇంకొక మాట. తూర్పు టెక్సాస్‌లోని టెనహా అనే చిన్న ఊళ్లో హైవే మీద వెళ్లేవారిని, ముఖ్యంగా నల్లజాతి, లాటినో ప్రయాణికులను ఆపి, డబ్బు వదులుకుంటున్నట్టు అక్కడికక్కడే సంతకాలు తీసుకున్నారన్న ఆరోపణ మీద క్లాస్ యాక్షన్ దావా (బాధితులందరి తరఫున ఒకటిగా వేసే దావా) నడిచి 2012లో రాజీతో ముగిసింది. రోడ్డు పక్కన అలాంటి సంతకం అడగకూడదని 2011లో టెక్సాస్ చట్టసభ నిషేధించింది. మీ బావమరిది గారి చేత ఆ రోజు ఏదైనా సంతకం పెట్టించారేమో ఒకసారి కనుక్కోండి.

జవాబు: ఉత్తరపు గాలి (మిన్నెసోటా)

లెక్క సరిగ్గా చెప్పే రాష్ట్రం ఏదని అడిగారు కాబట్టి మా రాష్ట్రం సంగతి చెబుతాను. ఇక్కడ ప్రతి జప్తునూ విభాగాలు స్టేట్ ఆడిటర్‌కు తెలపాలి, ఆడిటర్ ఏటా నివేదిక ప్రచురిస్తారు. ఏ విభాగం, ఏ రకం నేరం, వస్తువు ఏమిటి, దాని విలువ ఎంత, చివరికి ఏమైంది అన్నవి తెలుస్తాయి. జప్తులు పెద్ద మాదకద్రవ్యాల ముఠాల నడ్డి విరుస్తాయన్నది ఎప్పుడూ వినిపించే వాదన. ఆ నివేదికలు ఏటా ఒకచోట పరిచి చూస్తే ఎక్కువ భాగం చిన్న మొత్తాలేనని ఎవరికైనా అర్థమవుతుంది. స్టేట్ ఆడిటరే ఆ అంకెలు పట్టుకుని మార్పు కోరారు. 2021లో చట్టం మారింది. 1,500 డాలర్ల లోపు నగదును, అది మాదకద్రవ్యాల అమ్మకంతో ముడిపడినదని సాక్ష్యం ఉంటే తప్ప, జప్తు చేయడానికి వీల్లేదు. మొత్తం ఒక్కటే ప్రచురించి ఉంటే ఈ గీత ఎక్కడ గీయాలో చట్టసభకు తెలిసేదే కాదు.

అయితే చట్టం మారినంత మాత్రాన అలవాటు మారదు. న్యూ మెక్సికో 2015లో సివిల్ జప్తును రద్దు చేసింది. ఆ తర్వాత కూడా ఆల్బకర్కీ నగరం వాహనాల జప్తు కార్యక్రమాన్ని తన సొంత నగర శాసనం కింద కొనసాగించింది. ఆ రాబడి మీద ఆధారపడిన ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 2018లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అందుకే మీరు చూసిన బడ్జెట్ కాగితంలో వచ్చే ఏడాదికి జప్తు రాబడి అంచనా కూడా ఉందేమో చూడండి. ఇంకా జరగని స్వాధీనాల మీద ముందే ఖర్చు రాసుకోవడం నా దృష్టిలో ఆ పద్దులో అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి.

జవాబు: దుకాణం వరండా (జార్జియా)

నాకు కిరాణా దుకాణం, దానికి ఆనుకుని పెట్రోలు బంకు ఉన్నాయి. మన తెలుగువాళ్లలో ఇలాంటి వ్యాపారాలు చేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. 10,000 డాలర్లకు మించిన నగదు జమను బ్యాంకు ప్రభుత్వానికి తెలపాలి. ఆ నివేదికను తప్పించుకోవడానికి కావాలని జమను ముక్కలు చేస్తే అది నేరం. కానీ ఏ రోజు అమ్మకం ఆ రోజు వేసే చిన్న వ్యాపారి జమలు సహజంగానే ఆ అంకెకు లోపల ఉంటాయి. ఫెడరల్ పన్నుల విభాగం ఐఆర్ఎస్ ఆ కారణంతో ఖాతాలు ఊడ్చిన కేసులను ట్రెజరీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2017లో పరిశీలించారు. నమూనాగా తీసుకున్న 278 దర్యాప్తుల్లో 91 శాతం వాటిలో డబ్బు చట్టబద్ధమైన ఆదాయమేనని తేలింది. డబ్బు అక్రమ మార్గంలో వచ్చినదైతేనే ఈ నేరం కింద ఐఆర్ఎస్ స్వాధీనం చేసుకోవాలన్న నియమం 2019లో చట్టమైంది. దస్త్రాలు తెరిచి చూసే అధికారం ఉన్న ఒకరు చూశారు కాబట్టే ఆ 91 శాతం సంగతి బయటికి వచ్చింది.

అలాగే ఇండియా నుంచి తల్లిదండ్రులను రప్పించుకునేవారికి ఒక మనవి. 10,000 డాలర్లకు మించి తీసుకురావడం నేరం కాదు, చెప్పకపోవడమే నేరం. వచ్చేటప్పుడైనా పోయేటప్పుడైనా ఫిన్‌సెన్ 105 ఫారం నింపాలి. దేశం లోపల విమాన ప్రయాణానికి అలాంటి నియమం ఏదీ లేదు.

జవాబు: పాత ఆడిటర్ (ఒహాయో)

ఒక కౌంటీ ఆడిట్ కార్యాలయంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఆ బల్లకు అవతల కూర్చున్నవారి మాట కూడా చెప్పడం న్యాయం. కేసు వారీగా పేర్లు ప్రచురిస్తే ఏ తప్పూ చేయనివారి పేర్లు కూడా మాదకద్రవ్యాల జాబితాలో పడి జీవితాంతం ఇంటర్నెట్‌లో ఉండిపోతాయి. నడుస్తున్న దర్యాప్తులు కూడా దెబ్బతినవచ్చు. ఈ అభ్యంతరాలు నిజమైనవే. కానీ వాటికి మందు మొత్తాలతో సరిపెట్టడం కాదు. పేరు తీసేసి, కేసు నంబరు, తేదీ, స్థలం, మొత్తం, అభియోగం ఉందా లేదా, యజమాని పోరాడాడా లేదా, చివరికి ఏమైంది అన్న గడులు మాత్రం ఉంచితే చాలు. దర్యాప్తు నడుస్తున్న కేసును ముగిసిన తర్వాత చేర్చవచ్చు. ఇందులో ఏ గడీ కొత్తగా కనిపెట్టవలసింది కాదు, ప్రాపర్టీ గది రిజిస్టరులోనో ప్రాసిక్యూటర్ దస్త్రంలోనో ఇప్పటికే ఉంటుంది.

స్థానిక లెక్క చూసి ఆగిపోకండి, ఫెడరల్ వాటా కూడా అడగండి. స్థానిక పోలీసులు స్వాధీనం చేసుకున్న సొమ్మును ఫెడరల్ జప్తుగా నడిపించి అందులో 80 శాతం వరకు తిరిగి పొందే ఏర్పాటు ఉంది. రాష్ట్ర చట్టం గట్టిదైనా చాలా చోట్ల ఈ పక్కదారి తెరిచే ఉంటుంది. అక్కడ కూడా లెక్క పలచనే. న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2017లో మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ చేసిన 100 నగదు స్వాధీనాలను పరిశీలించారు. నేర దర్యాప్తుకు ఉపయోగపడినట్టు లేదా దానితో సంబంధం ఉన్నట్టు ఆ సంస్థ చూపగలిగినవి 44 మాత్రమే. ఏడేళ్ల తర్వాత 2024 నవంబరులో, విమానాశ్రయాల్లో ప్రయాణికులను ‘సమ్మతితో’ ఆపి చేసే సోదాలకు సరైన నమోదు లేదని అదే కార్యాలయం తప్పుపట్టగా, న్యాయశాఖ వాటిని నిలిపివేసింది.

ప్రశ్న వేసినవారి జవాబు: మున్నేటి ఒడ్డు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాత్రి జిల్లా క్లర్క్ వెబ్‌సైటులో దస్త్రం గారు చెప్పినట్టే వెతికాను. బావమరిది కేసు దొరికింది. ప్రతివాది గడిలో అతని పేరు లేదు, ‘14,600 డాలర్ల కరెన్సీ’ అని ఉంది. అంటే రశీదు మీద వారు రాయని అంకె కోర్టు కాగితంలో ఉంది. రోడ్డు పక్కన సంతకం పెట్టలేదని అతను చెబుతున్నాడు.

అదే పేజీలో దానికి రెండు వరసల కింద ఇంకొక కేసు కనిపించింది. ప్రతివాది 862 డాలర్లు. ఎవరూ జవాబు దాఖలు చేయలేదు, ఎక్స్‌పార్టీ తీర్పుతో ముగిసింది. ఆ మొత్తం కోసం లాయరును పెట్టుకుంటే మిగిలేదేమీ ఉండదు కాబట్టి ఆ మనిషి ఎందుకు రాలేదో ఊహించడం కష్టం కాదు. ఆ డబ్బు ఎవరిదో ఆ పేజీలో లేదు.

దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. స్థానిక ఒప్పందం, గత మూడేళ్ల స్వాధీన రశీదులు, ప్రాపర్టీ గది రిజిస్టరు, జప్తు ఖాతా ఖర్చు పుస్తకం, ఫెడరల్ వాటా పత్రాలు, వచ్చే ఏడాది రాబడి అంచనా ఏ ఆధారంతో వేశారో తెలిపే కాగితం అడుగుతున్నాను. పేర్లు కొట్టేసి ఇచ్చినా సరేనని ముందే రాశాను. సోమవారం దాఖలు చేస్తాను. వారు ఏమి ఇచ్చారో, ఏమి ఇవ్వలేదో ఇక్కడే రాస్తాను.