సమస్య: పిల్లి యింటఁ బుట్టెఁ బెద్దపులియె

తెనాలి తాతయ్య:
ఈ వారం సమస్యాపూరణకు ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, వింతగా ఉన్న ఆ మాటకు అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఇందులో అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల ముక్కలు), పి–బె యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం పలకాలి. పిల్లి, పులి రెండూ ఇంటిపేర్లుగా ఉన్నాయని గుర్తుంచుకోండి. పసిబిడ్డకు పేరు పెట్టే సందర్భం కూడా కలిపితే ఇంకా సంతోషం. ఎందుకో తర్వాత చెబుతాను.

గుంటూరు మాస్టారు:

మంచి పేరు వెదకి మా బావ శార్దూల
యనుచుఁ బేరు పెట్టె నందమొప్ప
నెలుకఁ జూచి జడియు నింటివారికి నేఁడు
పిల్లి యింటఁ బుట్టెఁ బెద్దపులియె

తెనాలి తాతయ్య:
మూడో పాదం చదివి గట్టిగా నవ్వాను. రెండోదే కుంటింది. 'పేరు' మొదటి పాదంలో వచ్చేసింది, మళ్లీ ఎందుకు? 'అందమొప్ప' మనందరి పాత చుట్టం. గణం తగ్గిన ప్రతిచోటికీ పిలవకుండానే వస్తుంది. 'యనుచుఁ బిలిచెఁ గొడుకు నందఱెదుట' అంటే బారసాల కళ్లకు కడుతుంది, యతీ నిలుస్తుంది. ఇంకొకటి, శార్దూలాన్ని తెచ్చి ఆటవెలదిలో కట్టేశారేమిటి మాస్టారూ? శార్దూలవిక్రీడిత వృత్తానికి కోపం రాదూ!

గుంటూరు మాస్టారు:
ఒప్పుకున్నా. అయినా 'పిల్లి శార్దూల్' అని బడిలో హాజరు పిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంటిపేరుకు బెదిరి ఎదురుదాడి చేసినట్టుంటుంది. పద్యానికి పనికొచ్చింది గానీ నిజంగా బిడ్డకు పెట్టను.

డాలస్ తమ్ముడు:
నాకు ఒక్క పాదమే కుదిరింది. మా ఇంటిపేరు కూడా పిల్లే, అందుకే ఆపుకోలేక పెడుతున్నా.
ఇంటిపేరు మాది పిల్లి యనిన నవ్వు

రాజమండ్రి అక్కయ్య:
గణాలు బాగున్నాయి తమ్ముడూ. యతి దగ్గర 'ఇం'కి 'పి' పలకదు. పిల్లి ఎలాగూ నాలుగో పాదంలో కూర్చునే ఉంది కదా, ముందే బయటపెట్టడం దేనికి? 'ఇంటిపేరు మాది యిదియన్న నవ్వులు' అను. మిగతా రెండు పాదాలు పూర్తి చెయ్యి, వదిలెయ్యకు. ఇదిగో నాది.

పుట్టినింటి కేగెఁ బులివారి కోడలు
మొదటి కాన్పు గాన మురిసెఁ దల్లి
యల్లుఁ డచట నవ్వి యత్తతో ననె నిట్లు
పిల్లి యింటఁ బుట్టెఁ బెద్దపులియె

పిల్లి వారి అమ్మాయిని పులి వారికిచ్చారు. తొలి పురుడు పుట్టింట్లోనే కదా. పులి వారి పెద్ద బిడ్డ కాబట్టి పెద్ద పులి.

గుంటూరు మాస్టారు:
అక్కయ్యా, దండం! 'పెద్దపులి'ని 'పెద్ద పులి'గా విరిచారు, సమస్య అక్కడే విడిపోయింది. ఒక్క 'అచట' మాత్రం ఊరికే ఉంది. 'అల్లుఁ డపుడు నవ్వి' అంటే బిడ్డ పుట్టిన ఘడియ కూడా తెలుస్తుంది.

తెనాలి తాతయ్య:
అక్కయ్యా, మా ఇంట్లో ఎవరైనా మీకు ఫోన్ చేశారా? మాది పిల్లి వారిల్లు, అల్లుడు గారిది పులి వారిల్లు. మనవరాలు పుట్టి రెండు వారాలైంది. ఇరవై ఒకటో రోజున బారసాల. పేరే తేలడం లేదు. నాకు టెన్షన్, వియ్యంకుడికి అంతకంటే టెన్షన్.

ఓరుగల్లు అన్న:
అసలు సంగతి ఇదా! మా దగ్గర పులి ఇంటిపేరు దోస్తు ఒకడు బిడ్డకు హారిక అని పెట్టిండు. ఎంత చక్కని పేరు! బళ్లె పోరగాళ్లు రెండు రోజులల్ల 'పులిహోర' చేసిన్రు. పేరును ఇంటిపేరుతోని కలిపి పదిసార్లు గట్టిగా పిలిచి చూడాలె. మగపిల్లగాడైతే రాజా అని అస్సలు వద్దు. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా' అన్న ప్రచారం ఊరూరా గోడల మీద చూసినోళ్లం ఇంక బతికే ఉన్నం.

రాజమండ్రి అక్కయ్య:
మనకు ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టే ఈ చిక్కు. అర్థమున్న మాట ముందుంటే వెనక పేరు దానితో సమాసమైపోతుంది. 'పులి శాంతి' అంటే ఏదో గ్రహశాంతిలా ఉంటుంది. 'గాలి పవన్' అంటే చెప్పిందే చెప్పడం. కలిసొచ్చేవీ ఉన్నాయి. ఉప్పు వారింట్లో లావణ్య చూడండి, లవణం లోంచే వచ్చిన మాట అది. చింత వారు పల్లవి అని పెట్టుకుంటే అచ్చంగా చింతచిగురు! నన్నడిగితే ఇంటిపేరు ఇచ్చిన సమస్య, పెట్టే పేరు పూరణ. సమస్యను మార్చే హక్కు మనకు లేదు.

గుంటూరు మాస్టారు:
మరీ భయపడనక్కర్లేదు లెండి. గుర్రం జాషువా గారి పద్యం చదివేటప్పుడు ఎవరికైనా గుర్రం కనిపిస్తుందా? ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న రామమూర్తి గారి ఇంటిపేరు కోడి. మనిషి గట్టివాడైతే ఇంటిపేరే అతని వెంట నడుస్తుంది. కానీ ఆ ఘనత వచ్చేలోపు బడి ఉంది, అక్కడే నాకూ జంకు. అందుకని ఇంకో పూరణ.

పులియె యింటి పేరు పుత్రిక దుర్గమ్మ
వాహనమ్ము ముందు వచ్చి నిలిచె
నమ్మ యెక్కి రాఁగ నందఱు మెచ్చిరి
పిల్లి యింటఁ బుట్టెఁ బెద్దపులియె

తెనాలి తాతయ్య:
'వాహనమ్ము ముందు వచ్చి నిలిచె'! కేలండర్ బొమ్మలో అమ్మవారిలా పులి ముందు, దుర్గ పైన. మాస్టారూ, ఈ పాదం మీ మొదటి పద్యం అప్పంతా తీర్చేసింది. చిన్న ఫిర్యాదు: మూడో పాదం దాకా అమ్మవారు నడిచొచ్చాక నాలుగో పాదం కాస్త విడిగా నిలబడింది. అక్కయ్య పద్యంలో అల్లుడి నోట పడటం వల్ల అది అతికింది. ఈ వారం మొదటి తాంబూలం అక్కయ్యకే.

డాలస్ తమ్ముడు:
తాతయ్య గారూ, ఇక్కడ ఇంటిపేరు చివరికి పోతుంది. 'దుర్గ పులి' అయితే వాహనం అమ్మవారి వెనక పరిగెత్తుతుంది. అదీ కాక ఈ కాలం పిల్లలు దుర్గ అంటే పాత పేరంటారు. శాంభవి ఎలా ఉంది? అమ్మవారే, 'పులి శాంభవి' నోరు తిరుగుతుంది, తిప్పి రాసినా చెడదు.

తెనాలి తాతయ్య:
ఫోన్లో వియ్యంకుడికి మూడు పద్యాలూ చదివి వినిపించాను. ఆయన అల్లుడి పద్యం రెండోసారి చదివించుకున్నారు. శాంభవి అనగానే వెనక నుంచి వియ్యపురాలు "బావుంది" అన్నారు. మా అమ్మాయి మాత్రం ఇంకా పదిసార్లు గట్టిగా పిలిచి చూస్తోంది, ఓరుగల్లు అన్న మాట ప్రకారం.

వచ్చే వారానికి అక్కయ్య ఇచ్చిన ఉప్పే సరుకు:
ఉప్పు రాశిలోన నుబికెఁ దేనె

డాలస్ తమ్ముడు:
మా అత్తగారిది ఉప్పు వారిల్లే. నేను ఈసారి చాలా జాగ్రత్తగా పూరించాలి.