జ్వరంలో పుట్టేది సన్నియా, సంధియా?

గోదారిగట్టు: టైఫాయిడ్ టీకా మీద వ్యాసం రాస్తున్నాను. మా నాయనమ్మ మాట ఒకటి సగమే గుర్తొస్తోంది. "జ్వరం దిగింది గానీ సన్ని దిగలా" అనేదా, "సంధి దిగలా" అనేదా? రేపే అచ్చుకి పోవాలి.

పాతమేష్టారు: సన్నే. వాతపిత్తకఫాలు మూడూ ఒక్కసారే రేగితే సన్నిపాతం. అందులో ధకారం ఎక్కడుంది?

చింతకాయ: "సంధి ప్రేలాపన"లో ఉంది మేష్టారూ. "సన్ని ప్రేలాపన" అనేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

పాతమేష్టారు: తెలియని మాట తెలిసిన మాటలో ఒదిగిపోయింది, అంతే.

వానకోయిల: నాకు వేరేలా తోస్తుంది. మెలకువకీ మైకానికీ నడుమ ఉంటాడు కదా రోగి, అదే సంధి. గ్రీకులో టైఫోస్ అన్నా పొగే, మసకే. అక్కడా ఇక్కడా పేగుల్ని చూసి కాదు, మాట తడబడటం చూసి పేరు పెట్టారు.

ల్యాబ్‌కోటు: ఆక్స్‌ఫర్డ్‌లో టైఫాయిడ్ టీకాని పరీక్షించినప్పుడు ఆ మసక దాకా రానివ్వలేదు లెండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కోరి సోడా ఉప్పు నీళ్ళతో టైఫాయిడ్ క్రిములు మింగారు. కడుపులో ఆమ్లం వాటిని చంపకుండా ఆ ఉప్పు. రెండు వారాలు రక్తం తీసి చూస్తూ, జబ్బు తేలగానే యాంటీబయాటిక్ ఇచ్చారు. 2017లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది: పోలిక కోసం మెనింజైటిస్ టీకా మాత్రమే వేసినవాళ్ళలో 77 శాతం జబ్బుపడ్డారు, మన హైదరాబాద్ భారత్ బయోటెక్ టీకా వేసినవాళ్ళలో 35 శాతం.

గోదారిగట్టు: ఆ "ఛాలెంజ్" పరీక్షని "సవాలు" అని రాస్తే ఎడిటర్ కొట్టేశాడండీ.

చింతకాయ: "కొరివితో తల గోకుడు పరీక్ష" అనండి.

ల్యాబ్‌కోటు: నవ్వకండి గానీ, సంధి మాట నాకు వేరేచోట పనికొస్తుంది. ఆ క్రిమికి వీఐ అని చక్కెర తొడుగు ఉంటుంది. ఒట్టి తొడుగునే టీకాగా ఇస్తే ఒంటి రక్షణదళంలోని టి కణాలు కదలవు, రెండేళ్ళలోపు పిల్లలకి పెద్దగా రక్షణ రాదు. అందుకని దానికి ధనుర్వాతం టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన) ప్రొటీన్ అతికిస్తారు. ప్రొటీన్‌ని చూసి టి కణాలు వచ్చి, చక్కెరని పట్టిన, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకి సాయం పడతాయి. దీన్ని "సంయుగ్మ టీకా" అంటున్నారు. "సంధి టీకా" అంటే నోటికి హాయిగా లేదూ?

పాతమేష్టారు: కుదరదు. "పూర్వపరస్వరంబులకు పరస్వరం బేకాదేశంబగుట సంధి" అన్నాడు చిన్నయసూరి. మీ టీకాలో చక్కెర లోపించి ప్రొటీనొక్కటే మిగులుతోందా?

ల్యాబ్‌కోటు: లేదండీ, రెండూ ఉంటాయి.

పాతమేష్టారు: అయితే అది సమాసం.

చింతకాయ: సమాసానికి విగ్రహవాక్యం చెప్పాలిగా!

ల్యాబ్‌కోటు: చెబితే టీకా చెడుతుంది. రెంటినీ విడివిడిగా ఒకే సీసాలో పోస్తే పని జరగదు, రసాయన బంధం ఉండాల్సిందే.

వానకోయిల: వ్యాకరణం సంధి ఒక్కటేనా? కృష్ణుడు హస్తినకి వెళ్ళిందీ సంధికే. ఉద్యోగపర్వంలో తిక్కన ఆ సభ నడిపిన తీరు చూడండి, ఎవరి గొంతు వాళ్ళదే. చక్కెరకీ ప్రొటీన్‌కీ అలాంటి సంధే.

పాతమేష్టారు: ఆ సంధి కుదరలేదమ్మా, యుద్ధం జరిగింది.

గోదారిగట్టు: అయ్యా, నాయనమ్మ మాట...

పాతమేష్టారు: సన్ని. కళ్ళు మూసుకుని వేసేయండి.

చింతకాయ: కళ్ళు తెరిచి సంధి అని వేయండి.

ల్యాబ్‌కోటు: మేష్టారూ, సమాసమే అనుకుందాం. ద్వంద్వమా, తత్పురుషమా?