అప్‌డేట్: బాపు లివర్‌లో హైడాటిడ్ సిస్టు, ఆపరేషన్ అయింది

దేవరకొండ స్కానింగ్‌లో బయటపడ్డ ఈ గడ్డను (కుక్కల్లో ఉండే బద్దెపురుగు, అంటే టేప్‌వార్మ్ వల్ల వచ్చే నీటిగడ్డ) సూదితో తీయొచ్చా, కోయాల్సిందేనా అని ఇంతకుముందు ఇక్కడ అడిగిన. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. లోపలంతా పిల్ల సిస్టులే (పెద్ద గడ్డలో పుట్టే చిన్న గడ్డలు), సూది పనికిరాదన్న మాటే నిజమైంది.

ఆపరేషన్‌కు ముందు నుంచే ఆల్బెండజోల్ (నులిపురుగులకిచ్చే మాత్ర) 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, నూనె ఉన్న తిండితో ఇచ్చిండ్రు (ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టదు). ఆపరేషన్‌లో గడ్డ చుట్టూ, పురుగును చంపే 20 శాతం ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి, నీరు గుంజి, తెల్లటి పొరను, ద్రాక్షపండ్లలాంటి పిల్ల సిస్టులను తీసిండ్రు. ఆ నీరు కడుపులో చిందితే ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావొచ్చు, తర్వాత కొత్త గడ్డలూ లేస్తయి. పైత్యరసం కారుతున్న సన్న నాళానికి కుట్టేసి డ్రెయిన్ (నీరు బయటికి పోయే ట్యూబు) పెట్టిండ్రు. ట్యూబులో పసుపు ఆగినంకనే తీసిండ్రు. లివర్ టెస్టు, తెల్లకణాలు చూసుకుంట మాత్రలు ఇంకా నడుస్తున్నయి.

రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా లాభం లేకపోయింది, స్కానే తేల్చింది. కొందరు మటన్ మానేయమన్నదీ సంబంధం లేని ముచ్చటే. ఈ పురుగు గుడ్లు మనకు వచ్చేది మంద కాసే కుక్క పెంటలోంచి. కోసిన గొర్రె పచ్చి కార్జం కుక్కకు వేయొద్దు, కుక్కకు ప్రాజిక్వాంటెల్ (బద్దెపురుగును చంపే మందు) వేయించాలె.