మానసిక వైద్యంలో కేస్ రిపోర్ట్: ఏ జర్నల్‌కు పంపాలి?

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్కారం. నేను మానసిక వైద్యంలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. చాలా ఏళ్లుగా క్లోజపిన్ (మొండి స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందు) వాడుతున్న ఒక రోగి మందును ఒక్కసారిగా మానేసి, కొద్ది రోజులకే మాటా కదలికా లేకుండా బిగుసుకుపోయిన స్థితిలో మా దగ్గరకు వచ్చారు. కెటటోనియా అని గుర్తించి లోరాజెపామ్ ఇచ్చాక తేరుకున్నారు, క్లోజపిన్ మళ్లీ మొదలుపెట్టాక నిలకడగా ఉన్నారు. దీన్ని 1,800 పదాల్లో రాసి రెండు జర్నళ్లకు ఒకదాని తరువాత ఒకటిగా పంపితే, రెండూ వారం తిరగకముందే తాము కేస్ రిపోర్టులు వేసుకోవడం లేదని తిప్పి పంపాయి. ఈలోగా వ్యాసం పంపమంటూ తెలియని జర్నళ్ల నుంచి నా మెయిల్‌కు రోజుకొక ఆహ్వానం వస్తోంది. అనుభవమున్నవారు జర్నల్‌ను ఎలా ఎంచుకున్నారో చెప్పగలరా?

పాతకేస్‌షీట్:
మీరు ముందు రాసి, తరువాత జర్నల్‌ను వెతుకుతున్నారు. నేనూ మొదటి మూడు రిపోర్టులు అలాగే రాసి, మూడింటినీ మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను. జర్నళ్లు కేస్ రిపోర్టులను ఎందుకు వదిలించుకుంటున్నాయో తెలిస్తే తిరస్కరణ అంతగా బాధించదు. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కించి, దాన్ని ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వస్తుంది. ఒకే రోగి గురించిన రిపోర్టును ఉదహరించేవారు తక్కువ కాబట్టి అది ఆ అంకెను కిందికి లాగుతుంది. అయితే సంపాదకుడికి రాసే లేఖలు సాధారణంగా భాగించే సంఖ్యలోకి రావు. అందువల్లనే కేస్ రిపోర్టుకు తలుపు మూసిన జర్నళ్లు చాలా వరకు అదే కేసు లేఖగా వస్తే చదువుతాయి. చాలా చోట్ల అయిదారు వందల పదాలు దాటనివ్వరు గనుక మీ 1,800 పదాలకు గట్టిగా కత్తెర వేయాలి.

ఇక అసలు ప్రశ్న, ఈ కేసు ఎవరు చదవాలన్నది. క్లోజపిన్ ఆపితే కెటటోనియా రావచ్చని ఇదివరకే రిపోర్టులున్నాయి కాబట్టి మానసిక వైద్యుల జర్నల్‌లో మీది కొత్త సంగతి అనిపించుకోదు. కానీ ఇలాంటి రోగిని అర్ధరాత్రి మొదట చూసేది ఎమర్జెన్సీ వైద్యుడో, జనరల్ మెడిసిన్ పీజీనో. వారు దీన్ని న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (మానసిక జబ్బు మందుల వల్ల జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయే ప్రమాదకర స్థితి) అనో, పాత జబ్బు తిరగబెట్టిందనో అనుకునే అవకాశం ఉంది. వారు చదివే జర్నల్‌కు పంపితే అదే కేసు పనికొచ్చే కేసవుతుంది.

రెండోసమీక్షకుడు:
రెండో సమీక్షకుడంటే కఠినుడని పేరుంది గానీ, నా పేరు చూసి భయపడకండి, నేను మంచివాడినే. ఏడాదికి పది పన్నెండు కేస్ రిపోర్టులు సమీక్షకు వస్తుంటాయి, వాటిలో ఎక్కువ భాగం జర్నల్ తప్పుగా ఎంచుకున్నందుకు కాక, జర్నల్ అడిగినది ఇవ్వనందుకే పోతాయి. కేస్ రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే, 2013లో వచ్చిన కేర్ మార్గదర్శకాలలో 13 అంశాల పట్టిక ఉంది. కేవలం కేస్ రిపోర్టులే వేసే జర్నళ్లు ఆ పట్టికను నింపి జతచేయమని అడగడం మామూలే. అందులో మన పీజీలు తరచుగా వదిలేసేవి రెండు: కాలక్రమ పట్టిక, రోగి తన మాటల్లో చెప్పుకున్న అనుభవం.

మీ కేసు నా దగ్గరకే వస్తే ఏమడుగుతానో చెబుతాను. కెటటోనియా తీవ్రతను కొలిచే బుష్-ఫ్రాన్సిస్ స్కేలులో 23 అంశాలున్నాయి, వడపోతకు మొదటి 14 చాలు. లోరాజెపామ్‌కు ముందు ఎంత స్కోరు, తరువాత ఎంత అన్నది లేకుండా 'బాగా తేరుకున్నారు' అని రాస్తే నాకు ఏమీ తెలియదు. క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగితే మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి కదా, మీరు ఎలా పెంచారో తేదీలతో ఉండాలి. చాలామంది అలవాటుగా నరంజో స్కోరు (దుష్ప్రభావం మందు వల్లనే వచ్చిందా అని అంచనా వేసేది) అతికిస్తారు. 1981 నాటి ఆ పది ప్రశ్నలలో మందు ఆపాక లక్షణం తగ్గిందా అన్నది ఒకటి. మీ రోగికి మందు ఆపడం వల్లనే లక్షణం వచ్చింది. ఆ స్కోరు ఇక్కడ అర్థం లేనిది, కనిపిస్తే మాత్రం నేను తప్పకుండా గుచ్చుతాను.

మందులచీటీ:
ఎవరూ అడగలేదు గనుక నేను అడుగుతాను: సమ్మతి ఎవరిది, ఏ పత్రం మీద తీసుకున్నారు? బీఎంజే కేస్ రిపోర్ట్స్‌కు తన సొంత సమ్మతి పత్రం ఉంది, పలు భాషల్లో దొరుకుతుంది. నేను ఆసుపత్రి పత్రం మీద సంతకం పెట్టించుకుని, రిపోర్టంతా అప్‌లోడ్ చేసే చివరి పేజీలో ఆ సంగతి తెలుసుకున్నాను. అప్పటికి రోగి ఊరు మారిపోయారు, ఫోన్ నంబరు పనిచేయలేదు, ఆ రిపోర్టు ఇప్పటికీ నా కంప్యూటర్‌లోనే ఉంది. (రచయితల్లో ఒకరికో, వారి సంస్థకో ఫెలోషిప్ చందా ఉంటేనే ఆ జర్నల్ తీసుకుంటుంది, ఇదీ ముందే కనుక్కోండి.)

మన విభాగంలో చిక్కు మరొకటి ఉంది. బిగుసుకుపోయి ఉన్న మనిషి తరఫున చేరికనాడు బంధువు పెట్టిన సంతకం చికిత్సకు సరిపోవచ్చు గానీ, ఆయన కథను ప్రపంచానికి చెప్పడానికి సరిపోదు. తేరుకుని, నిర్ణయించుకునే శక్తి తిరిగి వచ్చాక ఆయననే అడగాలి, వీలైతే రాసినదాన్ని చూపించాలి. నా రెండో కేసులో వయసు, వృత్తి అన్నీ తీసేసి, ఇక ఎవరూ గుర్తుపట్టరన్న ధీమాతో కాగితం ఆవిడ చేతికిచ్చాను. మెల్లగా చదివి, భ్రమలో ఉన్నప్పుడు ఆవిడ అన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఈ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు సార్, చదివితే నేనేనని పోల్చుకుంటారు" అన్నారు. ఆ వాక్యమే నా రిపోర్టుకు ప్రాణమనుకున్నాను. తీసేశాను. ఫొటోలో కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదని వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ సంఘమే చెబుతోంది, మన దగ్గర మాటే ముఖం లాంటిది. అలాగని వివరాలు మార్చి రాయకండి. అవసరం లేనిది వదిలేయడం వేరు, అబద్ధం రాయడం వేరు.

పాతకేస్‌షీట్:
ఈ బాధ కొత్తది కాదు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్, 'డోరా' అన్న మారుపేరుతో ఒక అమ్మాయి కేసును 1901లో రాసి 1905 దాకా బయటపెట్టలేదు. కొందరు వైద్యులు దాన్ని ఎవరి కథో కనిపెట్టే వినోదంగా చదువుతారని ముందుమాటలోనే బాధపడ్డాడు. కానీ ఆ అమ్మాయిని అడగలేదు, ఆమె ఎవరో చివరికి లోకానికి తెలియనే తెలిసింది.

ఒకసారిమునిగినవాడు:
ఆ ఆహ్వానాల సంగతి నేను చెబుతాను. నాకు వచ్చినదాంట్లో 'మీ అమూల్యమైన పరిశోధన' అని ఉంది, కింద విషయం దగ్గర ఎముకల శస్త్రచికిత్స అని ఉంది. అయినా పంపాను, ఉద్యోగ దరఖాస్తుకు గడువు దగ్గరపడింది మరి. మూడో రోజున అంగీకారం వచ్చింది, సమీక్షకుల వ్యాఖ్య ఒక్కటీ లేదు. వెంటనే ప్రచురణ రుసుముకు బిల్లు వచ్చింది. ఉపసంహరించుకుంటానంటే దానికీ రుసుము అడిగారు, మాటల్లో ఉండగానే వెబ్‌సైట్‌లో పెట్టేశారు. ఒకసారి అచ్చయినదాన్ని మరో జర్నల్ ముట్టుకోదు కాబట్టి ఆ కేసు అంతటితో పోయింది.

ఇప్పుడు నేను చేసే పని ఇది. జర్నల్ పేజీలో డీఓఏజే (ఉచితంగా చదవదగ్గ జర్నళ్ల జాబితా), కోప్ (ప్రచురణ నైతికత సంఘం) ముద్రలు కనిపిస్తే నమ్మను, ఆ సంస్థల వెబ్‌సైట్లకే వెళ్లి పేరు వెతుకుతాను. వైద్య వ్యాసాలను వెతికే పబ్‌మెడ్‌లో ఆ జర్నల్ వ్యాసం ఒకటి కనిపించినంత మాత్రాన జర్నల్ మెడ్‌లైన్‌లో (పరిశీలించి ఎంపిక చేసిన జర్నళ్ల సూచికలో) ఉన్నట్టు కాదు. నిధులిచ్చిన సంస్థ నియమం వల్ల రచయితలు విడిగా జమచేసినవీ అక్కడ కనిపిస్తాయి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే అసలు స్థితి తెలుస్తుంది. పెద్ద ప్రచురణకర్త అన్న భరోసా కూడా పూర్తిగా చాలదు: హిందావీ జర్నళ్లలో ఒక్క 2023లోనే 8,000కు పైగా వ్యాసాలను రద్దు చేశారు, ఎక్కువగా ప్రత్యేక సంచికలవి. కాబట్టి నేను ఆ జర్నల్‌లో ఇటీవల వచ్చిన మూడు కేస్ రిపోర్టులు తెరిచి చదువుతాను. మూడూ నా రిపోర్టు పక్కన పెట్టుకోదగ్గవైతేనే పంపుతాను.

మాటలవైద్యం:
మందులు కాక సైకోథెరపీ కేసు రాసేవారు ఈ దారిలో తంటాలు పడనక్కరలేదు. క్లినికల్ కేస్ స్టడీస్, ప్రాగ్మాటిక్ కేస్ స్టడీస్ ఇన్ సైకోథెరపీ అని వాటికే జర్నళ్లున్నాయి, రెండోది చదవడానికి ఉచితం.

రాత్రిడ్యూటీ:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రికార్డు తీసి చూశాను. అందులో ఉన్నది చేరికనాడు రోగి తమ్ముడు పెట్టిన సంతకం ఒక్కటే. మూడో జర్నల్‌కు పంపడానికి సిద్ధం చేసినదాన్ని ఆపేశాను. స్కోర్లు మాత్రం నర్సింగ్ నోట్స్ పక్కన నా చేతిరాతతో ఉన్నాయి, తేదీలూ ఉన్నాయి. గైడ్‌తో మాట్లాడి, ఎమర్జెన్సీ వైద్యులు చదివే జర్నల్‌కు లేఖగా కుదించాలనుకున్నాం. రోగి వచ్చే నెల రివ్యూకు వస్తారు, ఆ జర్నల్ పత్రం అప్పుడు ఆయన ముందు పెడతాను. ఒక్కటే సందేహం: రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, ఆయన చదవలేరు.

మందులచీటీ:
ఆయన భాషలో మీరే చదివి వినిపించండి. తమ్ముడిని కాసేపు బయట కూర్చోమని చెప్పి వినిపించండి.