అప్‌డేట్: మోసిన్ పీయూ స్కోప్‌లో మూలకి పోయిన రెటికిల్

జీరో చేశాక (అంటే తూటా గురిపెట్టిన చోటే తగిలేలా సర్దాక) నా మోసిన్-నాగాంట్ స్నైపర్, అదే పాత రష్యన్ రైఫిల్, పీయూ స్కోప్‌లో రెటికిల్ (గురి గీతలు) ఒక మూలకి పోతోందని అడిగాను కదా, గురి కుదిరింది. స్కోప్ బాగానే ఉంది. పీయూలో డ్రమ్ము (గురి సర్దే మర) తిప్పితే రెటికిల్ కూడా కళ్ల ముందే జరుగుతుంది. కాబట్టి సరిచేయాల్సింది మౌంట్‌నే, అంటే స్కోప్‌ని తుపాకీకి బిగించే భాగాన్నే.

మీలో ఒకరు చెప్పినట్టు, ముందు రెటికిల్‌ని మధ్యకి తెచ్చి పెట్టా. తర్వాత మౌంట్ వెనక పైనా కిందా ఉన్న స్క్రూలతో ఎత్తు సరిచేశా. అడ్డంగా ఉన్న తేడాకి మాత్రం పల్చటి రేకు ముక్క షిమ్‌గా పెట్టాల్సొచ్చింది. మౌంట్‌ని ఆకురాయితో రాయమన్నారు గానీ, యుద్ధకాలపు ఇనుము మీద చెయ్యి రాలేదు! చివరగా డ్రమ్ము అంకెని 1 దగ్గరికి, అంటే 100 మీటర్లకి సెట్ చేశా.

ఇక్కడ టెక్సస్ రేంజ్‌లో 100 గజాల దగ్గర 3.5 రెట్ల స్కోప్ చాలు. కన్ను బాగా దగ్గర పెట్టాలి, అదొక్కటే చిరాకు. స్కోప్ అడ్డం కాబట్టి తూటాలన్నీ ఒకేసారి నింపే క్లిప్పుతో లోడ్ కుదరదు, తూటాలు ఒక్కొక్కటే.

పాత సర్‌ప్లస్ (సైన్యం దగ్గర మిగిలిన) తూటాలు వాడేవాళ్లు అదేరోజు బ్యారెల్‌ని వేడినీళ్లతో కడగండి. ఆ ప్రైమర్లు (తూటాలో మందుని అంటించే భాగాలు) వదిలే ఉప్పు తుప్పు పట్టిస్తుంది, అది నూనెకి కరగదు.