సమస్యాపూరణం: జడమె చేతనమయ్యె సంశయము లేదు

నిర్వాహకులు: ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ఇచ్చిన పాదంలో జ–శ లకు సరసయతి చెల్లింది. ప్రాస నియమం లేదు, యతికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వాడవచ్చు. రాయి అహల్య అయిన కథ ఈసారి వద్దు. కంప్యూటరుకు చైతన్యం కలుగుతుందా అన్న విషయాన్నే పట్టుకోండి.

లోకాయత:
పిండి పులిసిన మత్తెట్లు పెల్లుబుకునొ
యట్లె భూతచతుష్టయమందుఁ దెలివి
పుట్టె ననిరి చార్వాకులు పూర్వమందు
జడమె చేతనమయ్యె సంశయము లేదు

నిర్వాహకులు: గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదంలో ‘చతుష్టయము + అందు’ సంధిలోని అకారంతో స్వరయతి చక్కగా కుదిరింది. కంప్యూటరు పేరెత్తకపోయినా, నాలుగు భూతాల కూర్పులోనే తెలివి పుట్టిందనే భౌతికవాదులైన చార్వాకుల ప్రశ్న అదే: విడివిడిగా లేని గుణం కూర్పులో పుడుతుందా? ఉపమానంలో మాత్రం ఒక చిక్కుంది. పిండి పులిసేది ఈస్టు వల్ల. ఈస్టు జీవి. జడం నుంచి చేతనం పుట్టిందని చెప్పడానికి తెచ్చిన పోలికలోకి జీవమే వచ్చి చేరింది.

నూతనకవి:
ఎదుట నున్నది యంత్రమో యెవరొ యనుచు
గుర్తుపట్టని మాటల పోరులోన
నెగ్గె ట్యూరింగు పెట్టిన నికషమందు
జడమె చేతనమయ్యె సంశయము లేదు

నిర్వాహకులు: రెండో పాదంలో యతి తప్పింది. గు–పో లకు మైత్రి లేదు. ప్రాసయతి అనుకుందామన్నా ర్తు–రు లు కలవవు. ‘యనుచుఁ / బోల్చ లేకున్న మాటల పోరులోన’ అంటే బో–పో కుదురుతుంది, గణాలూ చెడవు. ‘నికషం’ మంచి మాట, గీటురాయి అన్న అర్థం ఇక్కడ సరిగ్గా అమరింది.

అసలు లోపం భావంలో ఉంది. 1950లో గణితజ్ఞుడు ట్యూరింగ్ ‘యంత్రం ఆలోచించగలదా’ అన్న ప్రశ్నను పక్కకు పెట్టి, దాని బదులు ఎదుట ఉన్నది యంత్రమో మనిషో రాతలో ప్రశ్నలడిగి పోల్చే ఈ ఆటను ప్రతిపాదించాడు. సుమారు 50 ఏళ్ళలో, ఐదు నిమిషాల ప్రశ్నల తర్వాత సగటు మనిషి సరిగ్గా పోల్చే అవకాశం 70 శాతానికి మించదని ఊహించాడు. ఇది సంభాషణకు కొలత, అనుభవానికి కాదు. 1966 నాటి ఎలైజా ప్రోగ్రామును చూడండి. మీరు టైపు చేసిన వాక్యంలో ఒక కీలకపదం పట్టుకుని, ‘నేను’ను ‘మీరు’గా మార్చి ప్రశ్నగా తిప్పి ఇచ్చేది. దానికే మనుషులు మనసు విప్పి చెప్పుకున్నారు. అందుకే మీ మూడో పాదం నుంచి నాలుగో పాదానికి హేతువు అందడం లేదు.

యతిప్రియ:
భాష రాకయె సూత్రాల పట్టిఁ జూచి
చీన లిపిలోన నుత్తరాల్ చేర్చినంత
నర్థమైనట్లె యగునె యా యంత్రమునకు
జడమె చేతనమయ్యె? సంశయము! లేదు

నిర్వాహకులు: 1980లో తత్త్వవేత్త సెర్ల్ చెప్పిన చైనీయుల గది మూడు పాదాల్లో ఇమిడింది: చైనా భాష రాని మనిషి గదిలో కూర్చుని, పుస్తకంలోని సూత్రాలు చూసి ఆ లిపిలో జవాబులిస్తాడు. మూడో పాదంలో అ–య సరసయతి. కానీ విరుపు చూడండి. ‘సంశయము’ అంటే తేలలేదని, ‘లేదు’ అంటే తేలిందని. రెండూ ఒక నోట రాకూడదు.

యతిప్రియ: నిర్వాహకులు గారూ, ‘సంశయము’ పూర్వపక్షం, ‘లేదు’ సిద్ధాంతం అనుకున్నాను.

నిర్వాహకులు: అలా అయితే ఒప్పుకుంటాను. మనిషికి భాష రాకపోయినా మనిషి, పుస్తకం, గది కలిసిన వ్యవస్థకు వచ్చిందనేవారి వాదానికి ఈ పద్యంలో జవాబు లేదు. సెర్ల్ మాత్రం, ఆ పుస్తకమంతా కంఠస్థం చేసినా తనకు అర్థం తెలియదనే అన్నాడు.

సాంఖ్యాభిమాని:
స్ఫటిక మెఱ్ఱన మందార సన్నిధి నటు
పురుషు చెంతను వెలిఁగెడి బుద్ధి యదియుఁ
బ్రకృతిజన్యమె యని సాంఖ్యపథము చెప్పు
జడమె చేతనమయ్యె సంశయము లేదు

నిర్వాహకులు: చాలా బాగుంది. సాంఖ్యదర్శనంలో పురుషుడొక్కడే చైతన్యం; ప్రకృతి నుంచి పుట్టిన బుద్ధి, అహంకారం, మనస్సు మూడూ జడమే. సాంఖ్యకారిక 20వ శ్లోకంలో ‘అచేతనం చేతనావదివ’ (అచేతనమే చేతనం ఉన్నట్లు) అని ఉంది. ఆ ‘ఇవ’ (అన్నట్లు) మీ నాలుగో పాదంలో లేకున్నా స్ఫటికం పోలిక దాన్ని మోసింది. ఈ దృష్టితో చూస్తే 1997లో సెకనుకు 20 కోట్ల స్థితులు లెక్కించి డీప్ బ్లూ అనే కంప్యూటరు చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించడం బుద్ధి విజయమే. గెలిచిన సంతోషం ఎవరికి కలిగిందన్నది వేరే ప్రశ్న. మనిషిని మనిషిగా నిలిపేది ఆ రెండోదే అని నా నమ్మకం.

గణకుడు:
తప్పు నైన వచించును దర్ప మొప్ప
నాకుఁ దెలియ దటంచును నసుఁగఁ బోదు
మనిషి గుఱుతగు శంకనే మఱచె నెట్లు
జడమె చేతనమయ్యె? సంశయము లేదు

నిర్వాహకులు: సమస్యలోని మాటకే అర్థం తిప్పిన పూరణ ఇదొక్కటే. ‘సంశయము లేదు’ మన తీర్పు కాకుండా యంత్రం లక్షణమైంది. ఈ వారం నా ఓటు దీనికే. రెండో పాదం మాత్రం నిజానికి దూరం. మాటకు మాట బదులిచ్చే ప్రోగ్రాముల వెనక ఉండే భాషానమూనాలు తర్వాతి మాటను సంభావ్యత లెక్కగట్టి ఎంచుతాయి. తర్ఫీదు ఇస్తే ‘నాకు తెలియదు’ అనీ అంటాయి. ‘నాకుఁ దెలియ దటంచును నటన సేయు’ అంటే యతి చెడదు.

సాంఖ్యాభిమాని: నటించాలంటే నటించాలన్న ఉద్దేశం ఉండాలి కదండీ. మనసు లేదని చెబుతూ ఆ మాటతో మనసు ఇచ్చేసినట్లవుతుంది.

గణకుడు: నిజమే. ‘నాకుఁ దెలియ దటంచును నకలు సేయు’ అని మారుస్తున్నాను. నా–న యతి, సూర్యగణం అలాగే ఉంటాయి.

నిర్వాహకులు: ఈ సవరణే ఖాయం.